ముండ్లమూరు నుంచి వింజమూరు దాకా: నేల అదిరే ఊళ్లలో ఇంటిని సిద్ధం చేసుకునే పద్ధతి

2024 డిసెంబర్ 21న ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో నేల అదిరింది. మర్నాడూ అదిరింది, ఆ మర్నాడూ అదిరింది. అప్పటి నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: "మా ఇల్లు నిలబడుద్దా సార్?" వింజమూరు, ఉదయగిరి వైపు వాళ్లకు ఈ అదుర్లు కొత్తేమీ కావు. అయినా అడిగేది అదే.

నేను దర్శి చుట్టుపక్కల ఇళ్లు కట్టించే మనిషిని. భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పను, ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఏం చేయాలో, ఏది ముందు ఏది వెనక చేయాలో చెప్తాను. వరస ఎందుకంటే, చాలామంది చివర చేయాల్సింది ముందు చేస్తున్నారు. గోడ పగులుకు పుట్టీ పెట్టి రంగేస్తారు, మంచం పైన అటక మీద రోలు మాత్రం అట్లానే ఉంటుంది.

1. ముందు లెక్క సరిచేసుకోండి

"మనం పలకల అంచున లేం కదా, మనకేం కాదు" అంటారు. పలకలంటే భూమి పైపొరలోని పెద్ద పెద్ద రాతి ముక్కలు. మన పలక అంచులు దూరమే. ఉత్తరాన హిమాలయాలు, తూర్పున అండమాన్ సముద్రం, రెండు వైపులా వెయ్యి కిలోమీటర్లకు పైనే. కానీ మన పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి తోసుకుపోతూ హిమాలయాల దగ్గర బిగుసుకుంటోంది. పాత మంచాన్ని ఒక చివర పట్టి గట్టిగా తోస్తే మధ్యలో ఎక్కడో వదులైన కీలు కిర్రుమంటుంది చూడండి, ఇదీ అంతే. రాతిలో పాత పగుళ్లున్న చోట జారుతుంది. గుండ్లకమ్మ నది పక్కన అట్లాంటి పగులు ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు.

గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే:

- ఒంగోలులో 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. కాబట్టి "ఇక్కడ మూడుకు మించి రాదు" అనే మాట తప్పు. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 3కూ 5.4కూ తేడా దాదాపు నాలుగు వేల రెట్లు.
- ఒంగోలు, నెల్లూరు 2016 భూకంప కోడ్ (భూకంపాన్ని తట్టుకునేట్టు కట్టే నియమాలు) మ్యాపులో మూడో జోన్‌లో ఉన్నాయి. "మూడోది కదా, మొదటి దానికంటే నయం" అని ఒకాయన ధైర్యంగా చెప్పాడు నాతో. తిరగేసి చదివాడు. ఆ మ్యాపులో రెండు నుంచి అయిదు దాకానే ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ.
- పలకల మధ్యలో వచ్చేవి ఎప్పుడో ఒకసారి వస్తాయి. అందుకే ఎవరూ వాటిని దృష్టిలో పెట్టుకుని ఇళ్లు కట్టరు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లాలో వచ్చింది 6.2 మాత్రమే. సుమారు పది వేల మంది పోయారు. ఎక్కువ మందిని చంపింది మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద మట్టి కప్పు. మన పడమటి మండలాల్లో అట్లాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి.

2. ఈ రాత్రికే: మంచం చుట్టూ

పైసా ఖర్చు లేదు, గంట పని. ముందు ఇదే.

మంచం మీద పడుకుని పైకి చూడండి. నిలువునా పైన ఏముంది? మా ఇంట్లో మా అమ్మ మంచం పైన కడప బండల అటక, దాని మీద ఇత్తడి బిందెలు. ముప్పై ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్న నాకే అది కంటికి ఆనలేదు. డిసెంబర్ అదురుకు ఒక బిందె అంచుకు జరిగింది. దించి తూకం వేస్తే పదకొండు కిలోలు. "మా పుట్టింటియిరా అయ్యి, పాతసామాన్లోడికి ఏస్తావా ఏంది?" అని ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడవి వంటింట్లో నేల మీద ఉన్నాయి. నేల మీద ఉన్నది ఎవరి మీదా పడదు.

- మంచం పైన అటక ఉంటే ఖాళీ చేయండి, లేదా మంచం జరపండి. జరపడమే తేలిక.
- తలవైపు గోడకు పెద్ద ఫొటోలు, అద్దం, గడియారం ఉంచకండి.
- ఇనుప బీరువా పడితే మంచం మీదకో గుమ్మానికి అడ్డంగానో పడేట్టుంటే చోటు మార్చండి. తరువాత వెనకవైపు పైన రెండు చోట్ల ఎల్ క్లాంపులతో గోడకు బిగించండి. బీరువా మీద సూట్‌కేసులు దించేయండి.
- గ్యాస్ సిలిండర్ నిలువుగానే ఉండాలి, గొలుసుతో గోడకు కట్టాలి. ట్యూబు పాతదైతే మార్చండి.
- ఇన్వర్టర్ బ్యాటరీ స్టూలు మీద ఉంటే నేల మీదకు దించండి.
- చెప్పులు, టార్చ్ ఒక సంచిలో వేసి మంచం కోడుకు కట్టండి. చీకట్లో పగిలిన గాజు మీద కాలేసిన వాడికి ఇదెందుకో వేరే చెప్పక్కర్లేదు.
- గుమ్మానికి రాత్రిపూట అడ్డంగా బైకు పెట్టే అలవాటు మానండి.

3. ఇంటి బయట చుట్టూ ఒక చుట్టు

పగటి పూట నోటు పుస్తకం పట్టుకుని తిరగండి. చిన్న అదుర్లలో ఇల్లు కూలడం అరుదు, ఇంటికి అంటించినవి పడతాయి.

పిట్టగోడ: నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మూడడుగులు లేపి, దాని మీద పూలకుండీలు పెడతారు. పరుగెత్తుకుని బయటికొచ్చిన మనిషి సరిగ్గా దాని కిందే నిలబడతాడు. కుండీలు ఈరోజే దించండి. గోడను చేత్తో తోస్తే ఊగితే ఎత్తు తగ్గించండి. లేదంటే అయిదారు అడుగులకొక చిన్న పిల్లరు లేపి, పైన కాంక్రీటు పట్టీ పోయించండి.

నీళ్ల ట్యాంకు: వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. నాలుగు ఇటుక దిమ్మెల మీద దాన్ని నిలబెట్టడం మన దగ్గర ఆనవాయితీ. ట్యాంకు కిందకు పిల్లర్లు, బీములు వచ్చే మూలకు మార్చి, ఎత్తు వీలైనంత తగ్గించండి.

ప్రహరీ: పొడవు గోడకు మధ్యలో పిల్లర్లు లేకపోతే దాని పక్కన మంచాలు వేయకండి. అదురు భయానికి ఆరుబయట పడుకునేవాళ్లు ప్రహరీ వారన పడుకోవడం నేను కళ్లారా చూశాను.

పొగాకు బ్యారన్: ఎత్తయిన గోడలు, లోపల బరువైన స్లాబు ఉండదు కాబట్టి గోడలు నాలుగూ వేటికవి ఊగుతాయి. మూలల దగ్గర నిలువు పగులుంటే ఆకు క్యూరింగ్ మొదలవక ముందే మేస్త్రిని పిలవండి. మనుషులు నిద్రపోయే చోటు గోడ ఎత్తుకు మించిన దూరంలో ఉండాలి.

4. పగుళ్లు చదవడం

భయం ఎక్కువ, తెలిసింది తక్కువ ఉన్న చోటు ఇది. దర్శి, అద్దంకి, కందుకూరు వైపు నల్లరేగడి. ఎండాకాలం నేల బీటలేస్తుంది, వానలకు ఉబ్బుతుంది, పునాది దానితోపాటు లేచి దిగుతుంది. అదురు రాకముందే సగం ఇళ్లకు పగుళ్లున్నాయి. అదురు వచ్చాక చూశారు, అంతే.

వెంట్రుకంత సన్నగా, అల్లికలాగా ఉంటే పూత పగులు. వదిలేయండి. స్లాబుకు కిందగా గోడ పైభాగాన అడ్డంగా పోతే ఎక్కువగా ఎండకు స్లాబు సాగడం వల్ల. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువు గీత అయితే రెండూ వేరువేరు కాబట్టి విడింది. ఈ మూడూ కంగారు పడాల్సినవి కావు.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా గోడ మందమంతా దాటి పోయిన పగులు, రెండు ఏటవాలు పగుళ్లు కలిసి ఇంటూ గుర్తులా కనిపించడం, గోడల మూల విడిపోవడం, రాతి గోడ పొట్ట ముందుకు రావడం, పిల్లరు మీద కాంక్రీటు రాలి కడ్డీ కనిపించడం: వీటిలో ఏది ఉన్నా ఇంజనీరుకు చూపించే దాకా ఆ గదిలో పడుకోకండి.

మధ్యరకం పగుళ్లకు ఒక పని చేయండి. పగులు రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. పగులుకు అడ్డంగా సిమెంటుతో ఒక గాజు ముక్క అతికించండి. నెల తరువాత గాజు పగిలి ఉంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. పుట్టీ పెట్టి కప్పేస్తే ఈ కబురు చెప్పేవాళ్లు ఉండరు.

5. మట్టి మిద్దె, రాతి గోడ: అసలు పని ఇక్కడ

ఒక లెక్క. 12 అడుగులు, 15 అడుగుల గది మీద అడుగు మందం చవుడు ఉందనుకోండి. 180 ఘనపుటడుగులు. ఘనపుటడుగు 45 కిలోల లెక్కన ఎనిమిది టన్నులు. రెండు ఇసుక ట్రాక్టర్లు మీ తల మీద నిలబెట్టినట్టు. కారినప్పుడల్లా పైన ఇంకో పొర వేస్తారు, పాతది తీయరు. అందుకే తాతల నాటి మిద్దెల్లో మందం అడుగు దాటి ఉంటుంది.

వరస ఇది:

మొదట బరువు దించండి. ఎండాకాలంలో, వానలకు ముందు. పాత పొరలు గీకి, సగానికో మూడో వంతుకో తేవాలి. ఒక వైపే మొత్తం తవ్వకుండా గదంతా సమంగా, పొర పొరగా తీయాలి. పైన ప్లాస్టిక్ షీటు పరిచి పలచగా మట్టి వేస్తే కారదు.

తరువాత దూలాలు చూడండి. తాటి దూలం గోడలో ఎంత లోపలికి కూర్చుంది? నాలుగంగుళాలే అయితే గోడ కొంచెం బయటికి వాలినా జారిపోతుంది. చివరల చెద పట్టిందేమో పొడిచి చూడండి. గోడకు ఆనించి లోపలివైపు ఒక కర్ర స్తంభం నిలబెట్టి దూలానికి ఆసరా ఇస్తే, గోడ పోయినా కప్పు వెంటనే మీద పడదు. మన పాత ఇళ్లల్లో నిట్టాడి చేసేది ఆ పనే. చోటు అడ్డమని కోసేసినవాళ్లు తిరిగి పెట్టించుకోవడం మంచిది.

మూడోది రాతి గోడ. మందంగా కనిపించే గోడ నిజానికి రెండు గోడలు: బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి, మధ్యలో రాళ్ల ముక్కలు, మట్టి. ఊపుకు రెండు ముఖాలూ విడిపోతాయి. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా వచ్చే పొడుగు రాళ్లు ఉంటే విడిపోవు. కొత్తగా కడితే అవి ఎత్తులో రెండడుగులకు, పొడవులో నాలుగడుగులకు ఒకటి చొప్పున ఉండాలి. పాత గోడకైతే ఒక రాయి మెల్లగా పీకి, ఆరుపార రంధ్రం చేసి, కొక్కెంలా వంచిన కడ్డీ పెట్టి కాంక్రీటు నింపాలి. లాతూర్ తరువాత అక్కడి రాతి ఇళ్లకు ఇట్లానే చేయించారు. సుత్తెతో బాదకూడదు, ఒకసారి ఒక్క రంధ్రమే, పక్కది మర్నాడు. "సార్, రోజుకు పది వేసేత్తా" అన్న మేస్త్రి చేతికి ఈ పని ఇవ్వకండి.

నాలుగోది, గుమ్మాలూ కిటికీల పైన ఇల్లు చుట్టూ పట్టీ. గోడలు నాలుగూ ఒక్కటిగా కదలాలంటే నడుముకు మొలతాడులాగా ఇది తెగకుండా చుట్టూ తిరగాలి. పాత ఇంటికి వెల్డెడ్ మెష్ (ఇనుప జాలి) మేకులతో బిగించి సిమెంటు పూత వేస్తారు. మూలల దగ్గర మెష్ తెగకూడదు, వంగి పక్క గోడ మీదకు పోవాలి. ఇది ఇంజనీరు చూసి చేయించే పని, నా మాట మీద చేయకండి.

ఇవేవీ చేసే స్తోమత లేకపోతే? పడక వసారాలోకో రేకుల షెడ్డులోకో మార్చి, మిద్దె కింద ధాన్యం పెట్టుకోండి. మెలకువగా ఉన్నప్పటి కంటే నిద్రలోనే తప్పించుకోవడం కష్టం.

6. పెంకుటిల్లు, రేకుల ఇల్లు

కప్పు తేలిక కాబట్టి భయం తక్కువ. పెంకుటింట్లో రెండు చివరలా త్రికోణంగా లేచిన గోడే బలహీనం, దాన్ని వాసాలకూ దూలాలకూ ఇనుప పట్టీలతో కట్టించండి. రేకుల ఇళ్ల మీద గాలివానకు లేవకుండా పెట్టే రాళ్లున్నాయే, వాటిని దించి కొక్కెం బోల్టులు బిగించండి. గాలికీ అదురుకీ రెంటికీ పనికొస్తుంది.

7. కొత్తగా కడుతుంటే మేస్త్రితో మాట్లాడాల్సినవి

ఊళ్లో అందరూ కడ్డీ ఎంత లావని అడుగుతారు. నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు ఎట్లా కట్టారో ఎవరూ అడగరు. పిల్లరును పట్టి ఉంచేది రింగులే.

- రింగు చివర్లు లోపలికి, కాంక్రీటు మధ్యకు వంగాలి. 135 డిగ్రీలు, వంపు తరువాత రెండున్నర అంగుళాల పొడవు. ఎల్ ఆకారంలో వదిలేస్తే ఊపుకు విచ్చుకుంటుంది.
- పిల్లరు కింద, పైన ఒకటిన్నర నుంచి రెండడుగుల మేర రింగులు మూడు నాలుగు అంగుళాలకు ఒకటి.
- పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు. చెయ్యి పట్టదని మానేస్తారు. సెంట్రింగ్ పైన నిలబడి మీరే చూడండి.
- పిల్లరు కడ్డీలకు స్లాబు మీదనే ల్యాపు వేస్తారు, అంటే కింది కడ్డీ పక్కన పై కడ్డీ చేర్చి కడతారు. అది ఎత్తులో మధ్య భాగానికి రావాలి.
- తొమ్మిది అంగుళాల చదరపు పిల్లరు వద్దు. భూకంప కోడ్ ప్రకారం ఏ వైపూ 300 మి.మీ.కు, అంటే అడుగుకు, తగ్గకూడదు.
- సముద్రపు ఇసుక, ఉప్పు బోరు నీళ్లు వాడకండి. పదేళ్లలో కడ్డీ తుప్పుపట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది.

పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే స్లాబు వేస్తుంటే: గుమ్మం, కిటికీ గోడ మూల నుంచి అడుగున్నర దూరంలో ఉండాలి, రెంటి మధ్య గోడ రెండడుగులకు తగ్గకూడదు. లింటెల్ (గుమ్మం, కిటికీ పైన వేసే కాంక్రీటు) ముక్కలు ముక్కలుగా కాదు, చుట్టూ ఒకటే పట్టీగా పోయించాలి. గది పొడవు 16 అడుగుల లోపైతే మూడంగుళాల మందం, 8 మి.మీ. కడ్డీలు రెండు, ఆరంగుళాలకొక లింకు చాలు. దీనికయ్యే అదనపు ఖర్చు మీ గేటు ఖర్చు కంటే తక్కువ.

మెయిన్ రోడ్డు మీద కింద షట్టర్లు, పైన రెండంతస్తుల ఇల్లు కట్టేవాళ్లకు ఒక మాట. పైన గోడలు నిండుగా, కింద ఖాళీగా ఉంటే ఊపంతా కింది పిల్లర్లే భరించాలి. వెనకవైపైనా, రెండు పక్కలా గోడలు ఉండేట్టు, పిల్లర్లు లావుగా ఉండేట్టు డిజైన్ వేయించండి. కావలి, పొదిలి, దర్శి ఎక్కడ చూసినా ఇవే బిల్డింగులు, నాకు టెన్షన్ పెట్టేవీ ఇవే.

8. నేల ఊగుతున్నప్పుడు

స్లాబు ఇంట్లో: పరుగెత్తకండి. గట్టి బల్ల ఉంటే కింద దూరి బల్ల కాలు పట్టుకోండి. లేకపోతే లోపలి గోడ పక్కన కూర్చుని మెడ, తల చేతులతో కప్పుకోండి. మెట్ల మీదకు, లిఫ్టులోకి వద్దు. గుమ్మం కింద నిలబడడం పాత సలహా, గుమ్మానికి ప్రత్యేక బలమేమీ లేదు. మంచం మీద ఉంటే, పైన బరువు లేకపోతే, దిండు తల మీద పెట్టుకుని అక్కడే ఉండండి.

మట్టి మిద్దెలో, రాతి గోడల ఇంట్లో: గుమ్మం నాలుగడుగుల దూరంలో ఉండి, బయట ఖాళీ వాకిలి ఉంటేనే బయటపడండి. రెండు రాతి గోడల మధ్య సందులోకి మాత్రం వద్దు.

బయట: గోడలకు, కరెంటు తీగలకు దూరంగా. బండి మీద ఉంటే పక్కకు ఆపండి, వంతెన మీద ఆపకండి.

పిల్లలతో, ముసలివాళ్లతో ఒక్కసారైనా ఆడించి చూడండి. మా మనవరాలు "కూర్చో, కప్పుకో, పట్టుకో" అంటూ మా అమ్మను కూడా బల్ల కింద కూర్చోబెట్టింది.

9. ఆగిన తరువాత

- చెప్పులు వేసుకోండి, టార్చ్ వేయండి.
- రెగ్యులేటర్ కట్టేయండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా తలుపులు తెరిచి బయటికి రండి.
- వాసన లేకపోతే మెయిన్ ఆఫ్ చేయండి.
- దెబ్బతిన్న ఇంట్లోకి సామాన్ల కోసం పోకండి. మళ్లీ అదురుతుంది, గంటల్లోనో రోజుల్లోనో.
- సాయానికి 112, అంబులెన్స్‌కు 108, మంటలకు 101.
- నాలుగో భాగంలో చెప్పిన పగుళ్లు కొత్తగా వచ్చాయేమో పగటి వెలుతురులో చూసి, తేదీ పడేట్టు ఫొటోలు తీయండి. బీమా ఉంటే ఇవే ఆధారం. 2021 నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో భూకంపం కూడా ఉంది. మీ గోడల రకానికి వర్తిస్తుందా అని ముందే అడగండి.

"ఈ రాత్రి రెండు గంటలకు పెద్దది వస్తుందంట" అని వాట్సాప్‌లో వస్తుంది. తప్పకుండా వస్తుంది, ఆ మెసేజే. టైము చెప్పారంటే అబద్ధమని తేల్చుకోండి. వచ్చినదాని తీవ్రత ఎంతో నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వాళ్ల భూకంప్ యాప్‌లో కనిపిస్తుంది.

10. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వైపు వాళ్లకు

ముండ్లమూరులో వచ్చే చిన్న అదురుకు సముద్రం పొంగదు. మన తీరానికి సునామీ తెచ్చేది సుమత్రా, అండమాన్ వైపు పెద్ద భూకంపం. 2004 డిసెంబర్ 26న 9.1 తీవ్రతతో అక్కడ కదిలితే అలలు ఇక్కడికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రోజు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) హెచ్చరిక ఇస్తుంది.

హెచ్చరిక వచ్చినా, ఊపు చాలాసేపు ఆగకుండా సాగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా మెరక వైపు కదలండి. పడవలూ వలలూ చూసుకుందామని ఒడ్డుకు పోవద్దు. మొదటి అల తగ్గగానే తిరిగి రావద్దు, తరువాతివి ఇంకా పెద్దవి కావచ్చు. ఇంటి నుంచి తుఫాను షెల్టరుకు నడక ఎన్ని నిమిషాలో ఈ ఆదివారమే గడియారం పెట్టుకుని చూడండి, ముసలివాళ్లను వెంటబెట్టుకుని.